గుహలోని లేగదూడ

కథ చెప్పుట మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. వినువారు "తరువాత?" యని యడుగుచుండ, చెప్పువారు కథను మలుపు త్రిప్పుట మన యిండ్ల నిత్యము జరుగునదే. కంప్యూటరుపై నాడు సాహసక్రీడయు నట్టిదే. అందు ఎటు పోవలయునో ఆడువారే నిర్ణయింతురు.

ఈ క్రీడ గుహలలోనే పుట్టినది. అమెరికాలోని మామత్ గుహలలో తిరుగాడిన విల్ క్రౌథర్ 1976 ప్రాంతమున తన కుమార్తెల వినోదార్థము 'కొలాసల్ కేవ్' ఆటను రచించెను. దాని నాడి ముగ్ధురాలైన రాబర్టా విలియమ్స్ అను గృహిణి, భర్త తోడ్పాటుతో 1980లో 'మిస్టరీ హౌస్' వెలువరించెను. బొమ్మలుగల సాహసక్రీడలకు అది మార్గదర్శి.

ఈ వృత్తాంతము విని, వేములలో మేమును మా కుమార్తెయు నొక యాట కూర్ప బూనితిమి. "ఆడపిల్లకు ఆ పెట్టెతో ఏం పని?" యని మా యత్తగారు గొణగిరి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల చెంతనున్న బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. మా కథలో నొక బాలిక తప్పిపోయిన లేగదూడను వెదకుచు, దీపముతో నందు ప్రవేశించును. కోటిలింగాల వైపు పోవలయునా, పాతాళగంగ వైపు పోవలయునా? అదియే మొదటి ప్రశ్న.

మేము వాడిన సాధనము 'రెన్‌పై'. టామ్ రోథామెల్ 2004లో వెలువరించిన దీనికి వెల లేదు. దాని లోపలి రచనను ఎవరైనను చూడవచ్చును, మార్చుకొనవచ్చును. ఒక్కొక్క దృశ్యమునకు 'లేబుల్' అని పేరిడి, 'మెనూ' క్రింద దారులను వ్రాసి, 'జంప్' అను మాటతో గమ్యమును జూపిన చాలును.

అత్తగారికి ఆంగ్లము రాదు. ఆట తెలుగున లేనిచో మనుమరాలి చేతిపని ఆమెకు తెలియకయే పోవును. పాత కూర్పులలో మన యొత్తులు అక్షరము క్రింద చేరక విడిపోవుచుండెడివి. 2023లో వచ్చిన 8.1 కూర్పున అక్షరములను జతపరచు 'హార్ఫ్‌బజ్' చేరుటచే నా చిక్కు తీరినది. తెలుగు ఫాంటును మాత్రము ఆటతోపాటు మనమే యుంచవలయును.

"అవ్వా, ఎటు పోదాము?" అని పాప యడుగగా అత్తగారు కన్నద్దములు సవరించుకొని, "ముందు దూడ అరుపు యాడినుంచి వస్తాందో వినద్దా?" అనిరి. ఆ రాత్రియే 'ఆలకింపుము' అను మూడవ దారి చేరినది.

పాపను కంప్యూటరు చదువునకు కడప పంపుట విషయమై మా యింట నింకను తర్కము తెగలేదు. అత్తగారు మాత్రము పంపుమనుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఆటలో తల్లియావును గూడ చేర్చవలెననుట ఆమె షరతు.