పాత చీటీ, కొత్త సంఖ్య

ఆళ్లగడ్డలో వైద్యం పొందిన రోగిని అర్ధరాత్రి నంద్యాలకు తరలిస్తే, అతనికి పెన్సిలిన్ పడదని అక్కడి వైద్యునికి తెలిసేదెలా? కంప్యూటర్ వ్యవస్థను ఎంచుకునే ఆసుపత్రులు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వ్యవస్థ చికిత్సానుమతులకూ చెల్లింపులకూ ఏళ్లుగా అక్కరకు వస్తున్నది. 14 అంకెల ఆభా సంఖ్య ద్వారానైతే, రోగి సమ్మతితో, ఒకచోటి రికార్డును మరొకచోట చూడవచ్చును. అయితే మొదటి ఆసుపత్రి ఆ వివరాలను దానికి అనుసంధానించి ఉండాలి. లేనిచో ఆ సంఖ్య వైద్యునికి ఏమీ చెప్పజాలదు. కనుక ఆభా తీసుకోండి, చూపించుకున్న ప్రతిసారీ రికార్డు చేర్చమని అడగండి. పడని మందుల పేర్లు వ్రాసిన చీటీని మాత్రం జేబులోనే ఉంచుకోండి. నెట్ అందని వేళ వైద్యునికి అదే ఆధారం.