నాలుగో మెట్టు

ఆదివారం ఉదయం ఆరున్నర. సికింద్రాబాద్ మహాత్మా గాంధీ రోడ్డు మీద షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. వయసు మళ్లినవాళ్లు ఇంకా జేమ్స్ స్ట్రీట్ అనే పిలుచుకునే ఆ రోడ్డు నుంచి జనరల్ బజార్ వైపు తిరిగితే, కొద్ది దూరంలో పచ్చటి వల కప్పుకున్న రెండంతస్తుల పాత మేడ కనిపిస్తుంది. ముందు వైపు 40 అడుగులు. కింద కమానుల వరండా, దాని వెనక ఒకప్పటి నాలుగు దుకాణాలు, పైన రంగు పొరలు ఊడుతున్న ఇనుప కటకటాలు. వరండా ముందు గొంతుకూర్చున్న మేస్త్రి, నీళ్లు నింపిన గొట్టం ఒక కొసను గోడ మీద గీతకు ఆనించి, రోడ్డు వారన రెండో కొస పట్టుకున్న కుర్రాడితో, "కదలకు, నీళ్లు నిలవనీ" అంటున్నాడు. పాలమూరు మనిషి. లేజర్ మట్టాలు వచ్చి ఎన్నేళ్లయినా ఆయన నమ్మకం ఆ గొట్టం మీదే.

నీళ్లు నిలిచాక టేపు చదివాడు. ఫుట్‌పాత్ నుంచి వరండా పాత గచ్చు మట్టానికి 18 అంగుళాలు. మూడు మెట్లు. ఈ పాత మేడను కొత్త అవసరాలకు మలుస్తున్నవాళ్లు ఆ మూడు మెట్లను ఎలా దాటారో చూడటానికే నేను వెళ్లింది.

నిజానికి మెట్లు నాలుగు. డ్రైనేజీ పైపు కోసం తవ్వుతుంటే మూడో మెట్టు కింద గునపం ఖంగుమంది. మట్టి తీస్తే అంచు అరిగిన షాబాద్ బండ బయటపడింది. డెబ్బై దాటిన యజమాని దాని పక్కనే నిలబడి చాలాసేపు చూశారట. "చిన్నప్పుడు నాలుగు మెట్లు ఎక్కినట్టే నాకు గుర్తు. ఇంట్లో చెబితే, అప్పుడు నువ్వు పొట్టిగా ఉండేవాడివి, ఎక్కువనిపించి ఉంటుంది అనేవాళ్లు" అన్నారాయన నాతో. మేడ కుంగలేదు. రోడ్డే లేచింది. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర పోయడం మన ఊళ్లన్నిటా ఉన్న అలవాటు. రోడ్డు లేచిన కొద్దీ దాన్ని అంటిపెట్టుకుని ఫుట్‌పాతూ లేస్తుంది. అలా ఒక మెట్టు భూమిలోకి పోయింది. కొన్ని వీధుల్లో ఇళ్ల గడపలే రోడ్డుకంటే దిగువన పడి, వాన వస్తే ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకోవాల్సి వస్తోంది.

మొదట యజమాని ఆర్కిటెక్టును కోరింది చిన్న సహాయం. కింద నాలుగు కొట్లూ తీసేసి ఒక రక్తపరీక్షల ల్యాబు, కళ్లజోళ్ల దుకాణం వచ్చేలా ఒకే హాలు చేయాలి. పైన ఆఫీసులు. ల్యాబుకు వచ్చేవాళ్లలో సగం మంది ముసలివాళ్లు కాబట్టి ఒక ర్యాంపు పెట్టాలి. అదెక్కడ పెట్టాలో కూడా ఆయనే చూపించారు: మెట్ల ముందు, ఫుట్‌పాత్ మీద. ఆ వీధిలో అందరూ చేసిందే అది. స్కూటర్ ఎక్కించడానికి ఒకరు సిమెంటు దిమ్మ పోశారు, ఇంకొకరు గళ్ల ఇనుప రేకు వేశారు. ఫుట్‌పాత్ ప్రతి పది అడుగులకూ ఒక్కో వైపు ఒరిగిపోయి ఉంది.

ఆర్కిటెక్టు ఒప్పుకోలేదు. ముప్పైల్లో ఉన్న అమ్మాయి, మాట మెత్తన, పట్టు గట్టిది. "మన గుమ్మం ఎక్కేవాళ్ల కోసం దారిన పోయేవాళ్లను పడేస్తామా సార్?" అని అడిగానని చెప్పింది. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూపించిందట. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు. ఒక అంగుళం ఎక్కాలంటే పన్నెండు అంగుళాలు నడవాలి. 18 అంగుళాలకు 18 అడుగులు. వీధిలో ఉన్న సిమెంటు దిమ్మలు నాలుగడుగులు కూడా లేవు. వాటి మీద చక్రాల కుర్చీని పైకి నెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి, దించేటప్పుడు కుర్చీలో ఉన్నవారు దేవుణ్ని తలుచుకోవాలి. ఆమె ఇంకాస్త తక్కువ వాలు, ఒకటికి పదిహేను తీసుకుంది. అంటే ఇరవై రెండున్నర అడుగులు. కింద, మధ్యన, పైన ఐదేసి అడుగుల చదును కలిపితే ముప్పై ఏడున్నర. అంత పొడవు ఫుట్‌పాత్ మీద ఎవరిస్తారు? వరండాలో ఉంది. దాని పొడవు 40 అడుగులు.

పరిష్కారం అలా దొరికింది. వరండా ఎడమ కొస గచ్చును ఫుట్‌పాత్ మట్టానికి దించి, అక్కడి నుంచి కమానుల వెనకగా గోడ వెంబడి కుడి కొస దాకా వాలు తీశారు. కుడి కొసనే మెట్లు. మెట్లెక్కినవాళ్లూ, వాలు మీదుగా వచ్చినవాళ్లూ ఒకే చదును మీద కలుసుకుని ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్తారు. నాకు ఈ మేడలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎన్నో పెద్ద భవనాల్లో ర్యాంపు వెనక వైపు, జనరేటరు పక్కన, చెత్తడబ్బాలు దాటాక ఉంటుంది. కుర్చీలో వచ్చినవారు తాళం చెవి ఉన్న వాచ్‌మన్ కోసం ఎదురుచూడాలి. అక్కడ దారి ఉన్నట్టు కాగితాల్లో ఉంటుంది, మర్యాద మాత్రం ఉండదు.

మేస్త్రికి మాత్రం ఒక భయం పట్టుకుంది. "వాన పడితే రోడ్డు నీళ్లన్నీ లోపలికే వస్తయ్ మేడం. పెద్దలు మెట్లు పెట్టిందే అందుకు" అన్నాడట. ఆ మాట కొట్టిపారేసేది కాదు. అరుగు ఎత్తుగా కట్టడం వెనక బురదా, వరదా, బండ్ల దుమ్మూ అన్నీ ఉన్నాయి. ఎడమ కొసన ప్రవేశం పొడవునా సన్నని కాలువ తీసి, చేతికర్ర మొన, కుర్చీ ముందు చక్రం ఇరుక్కోనంత ఇరుకు సందులతో ఇనుప జాలీ వేశారు. ముందు చదునును కంటికి కనిపించనంతగా రోడ్డు వైపు వంచారు. నున్నటి బండ వేయకుండా, మంటతో గరుకు చేసిన గ్రానైట్ పరిచారు. మొన్న కురిసిన వానకు నీళ్లు జాలీ దగ్గరే ఆగాయని మేస్త్రి స్వయంగా చెప్పాడు, కాస్త గర్వంగానే.

ఇదంతా ఆ యజమాని మంచితనం అనుకుంటే పొరపాటు. ఆయన మంచివారే, కానీ చట్టం కూడా ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. జనం వచ్చిపోయే భవనం ప్రైవేటుదైనా, వ్యాపారం జరిగేదైనా, ఆ చట్టం లెక్కలో ప్రజా భవనమే. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు. అప్పటికే ఉన్న భవనాలను మార్చుకోవడానికి, 2017 జూన్‌లో నిబంధనలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది.

దాటినా పెద్దగా ఏమీ కదల్లేదు. చూపు లేని రాజీవ్ రతూరి అనే వ్యక్తి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2017లో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని 2023లో మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చూశాక, 2024 నవంబర్ 8న తీర్పు చెబుతూ నిబంధనల్లో 15(1) చెల్లదని కొట్టేసింది. ప్రమాణాలను తప్పనిసరి చేయమని చట్టం చెబుతుంటే, ఆ నిబంధన వాటిని సలహాల స్థాయికి దించిందన్నది కోర్టు అభ్యంతరం. తప్పక పాటించాల్సిన ప్రమాణాలేవో విడదీసి మూడు నెలల్లో ప్రకటించమని కేంద్రాన్ని ఆదేశించింది. వీలైతే పెట్టండి అనడానికీ, పెట్టి తీరాలి అనడానికీ మధ్య ఉన్న దూరమే మన ఊళ్లలో ఈ మూడు మెట్లు.

ఫుట్‌పాత్ సంగతీ అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని నడకదారి కనీసం 1.8 మీటర్లుండాలి. వ్యాపార వీధుల్లో ఇంకా ఎక్కువ. రోడ్డు నుంచి దాని గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. 2025 మే 14న సుప్రీంకోర్టు, సరైన ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమనీ, అది దివ్యాంగులకూ అనువుగా ఉండాలనీ చెప్పింది. ఈ మేడ ముందు కొలిచి చూశాం. కరెంటు స్తంభం దగ్గర మనిషి పక్కకు తిరిగి పోవాల్సినంతే చోటు మిగిలింది. తప్పంతా తోపుడు బండ్లవాళ్ల మీదికి నెట్టడం మనకు అలవాటు. కానీ వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం ఒక చోటు చూపించమంటుంది. ఇక్కడ దారి మింగింది స్తంభాలు, దుకాణాల సిమెంటు దిమ్మలు, నిలిపిన మోటారు సైకిళ్లు.

పాత కట్టడం చెక్కుచెదరకుండా ఇలాంటి మార్పులు కుదరవని కొందరంటారు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఇదే నగరంలో ఉంది. 2018 నుంచి రెండేళ్లు పనిచేసి, దాన్ని కప్పేసిన రేకులూ బోర్డులూ తీసేసి, రాతి గోడలను మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఓపిక ఉంటే పాత గోడ ఎంత మరమ్మతునైనా తట్టుకుంటుంది. మన మేడలో ఓపిక పరీక్షించింది గోడ కాదు, గడప. బర్మా టేకు గడప, నాలుగంగుళాల ఎత్తు. యజమాని తల్లి ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవారట. ప్రమాణాల ప్రకారం గుమ్మం దగ్గర 12 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. తీసేయమంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి గడపను కదపలేదు. లోపలా బయటా గచ్చునే నాలుగంగుళాలు లేపి, గడప పైభాగం నేలతో సమంగా కనిపించేలా చేశారు. అందుకోసం ర్యాంపు లెక్క మళ్లీ వేసి, వాలు కాస్త నిటారు చేసుకోవాల్సి వచ్చింది. అయినా ఒకటికి పన్నెండు దాటలేదు. ఆ ఉదయం గడప మీద తడి ఆరని పసుపు నేను చూశాను.

ఏడు గంటలకు ఇద్దరొచ్చారు. ఒకరు చక్రాల కుర్చీలో బ్యాంకు ఉద్యోగి, మరొకరు చూపు లేని సంగీతం టీచరు. పని పూర్తయిందని చెప్పేముందు వీళ్లు చూడాలన్నది ఆర్కిటెక్టు షరతు. ఆయన కుర్చీ రెండు చేతులతో తోసుకుంటూ వాలు ఎక్కారు, మధ్య చదునులో ఆగారు, పైకి చేరారు. ఎవరూ పట్టుకోలేదు. పాత రెండు రెక్కల తలుపులో ఒక రెక్కే తెరిచి ఉంటే కుర్చీ పట్టలేదు. రెండూ తెరవాల్సి వచ్చింది. దుకాణం నడిచే వేళల్లో రెండు రెక్కలూ గోడకు బిగించి ఉంచాలని అక్కడే రాసుకున్నారు. టాయిలెట్‌లోకి వెళ్లగలిగారు గానీ లోపల తిరిగి తలుపు వేసుకోలేకపోయారు. కుర్చీ తిరగడానికి మీటరున్నర చోటు కావాలి. లోపలికి తెరుచుకునే తలుపు దాన్ని తినేస్తోంది. తలుపు బయటికి తెరవాలి.

టీచరుగారి పరీక్ష ఇంకో రకం. చేతికర్రతో నేల తడుముతూ, రెండో చేయి కమ్మీ మీద ఉంచి దిగుతూ ఒక్కసారి తూలారు. మేస్త్రి పరుగెత్తాడు. "కమ్మీ అయిపోయింది కదా, వాలూ అయిపోయిందనుకున్నాను" అన్నారామె. వాలు ముగిసిన చోటుకు ఇంకో అడుగు ముందుదాకా కమ్మీ సాగాలి. ప్లానులో ఉంది. ఇనుప పని చేసినవాళ్లు అందం కోసం కోసేశారు. బయట పక్క దుకాణం బోర్డు ఆమె నుదుటి ఎత్తున వేలాడుతోంది. కర్ర నేల సంగతి చెబుతుంది, తలకు తగలబోయేది చెప్పదు. మేస్త్రి సుద్దముక్కతో తప్పులన్నిటికీ గుర్తులు పెట్టుకున్నాడు. "ఇంతకుముందు ఎవరూ వచ్చి ఇట్ల చూసింది లేదమ్మా. చూస్తే మేమూ నేర్చుకుందుము" అన్నాడు.

ఫుట్‌పాత్ మీద పసుపురంగు గరుకు పలకల గురించి కూడా మాట్లాడుకున్నాం. జపాన్‌కు చెందిన సెయీచీ మియాకే 1965లో వీటిని రూపొందించారు. 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు. పొడవు గీతలుంటే ముందుకు నడవమని, చుక్కలుంటే ఆగమని. చాలా చోట్ల రెండిటినీ కలిపేసి ముగ్గులా పరుస్తారు. "అది చదివితే అక్షరాలన్నీ కలిపేసిన పుస్తకంలా ఉంటుంది" అన్నారు టీచరుగారు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. మోకాళ్ల నొప్పితో మెట్టెక్కలేని పెద్దవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, కాలికి కట్టుతో ఉన్నవాళ్లు ఆ లెక్కలో లేరు. ల్యాబుకు వచ్చేది ముఖ్యంగా వాళ్లే.

పని చూసుకుని వెళ్లేటప్పుడు బ్యాంకు ఉద్యోగి ఆటో పిలిచారు. ప్యారడైజ్ మెట్రో స్టేషన్ దాకా కుర్చీలోనే వెళ్లొచ్చుగా అని అడిగాను. స్టేషన్లో లిఫ్టు ఉంది, ఇక్కడ వాలు ఉంది, మధ్యలో ఉన్న దారే లేదని ఆయన చెప్పారు.

మీకు ఒక దుకాణమో, క్లినిక్కో, కోచింగ్ సెంటరో ఉంటే, రేపు షట్టరు తెరిచే ముందు టేపు తీసుకుని మీ గుమ్మం ఎత్తు కొలవండి. వచ్చిన అంగుళాలను పన్నెండుతో హెచ్చవేయండి. అంత చోటు ఫుట్‌పాత్ మీద కాదు, మీ స్థలంలో ఎక్కడుందో వెతకండి. దొరికితే, మెట్లెక్కలేని ఒకరిని పిలిచి చూపించాకే మేస్త్రికి పని పురమాయించండి.