టార్చి పట్టాకే కలం

“సారూ, మా పోరికి మెడెనక బిళ్ళలు లేచినయ్. క్యాన్సర్ గాదు గద?”

దుబ్బాక వైపు నుంచి సిద్దిపేట వచ్చిన ఆ తల్లికి మాట పెగలడం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల జడ విప్పించాను. తలనిండా పేలు, గోకి గోకి పడ్డ పుండ్లు. పేలకు, పుండ్లకు మందు రాసిచ్చాను. నెల తిరిగేలోపు బిళ్ళలు కరిగిపోయాయి.

ఒంట్లోని లింఫ్ గ్రంథుల్లో దాదాపు మూడో వంతు మెడలోనే ఉంటాయి. ఒక్కో గుంపుది ఒక్కో కావలి. తల వెనకవి మాడును కాస్తాయి, దవడ కిందివి పళ్లను, చెంపలను, నాలుకను. ఎడమ కాలర్‌బోన్ మీద లేచిన గడ్డ ఒక్కోసారి కడుపులోని క్యాన్సర్ కబురు తెస్తుంది.

ఇంకో అమ్మాయి బీడీలు చుట్టేది. రెండు నెలలుగా మెడలో దండ గుచ్చినట్టు గడ్డలు, సాయంత్రమైతే జ్వరం. పసరు కట్టించుకుంటే ఒకటి పగిలి చీము కారుతోంది. పెద్దలు గండమాల అన్నది దీన్నే. ఇంగ్లండులో రాజు తాకితే నయమవుతుందనుకునేవారు. 1712లో పసివాడైన శామ్యూల్ జాన్సన్‌ను ఆన్ రాణి దగ్గరికి అందుకే తీసుకుపోయారు. ఈ జబ్బు తెచ్చే టీబీ క్రిమిని రాబర్ట్ కాక్ లోకానికి చూపించింది 1882లో.

“సూది గుచ్చితే పాకుతదంట” అని ఆ అమ్మాయి జంకింది. సన్నని సూదికి వచ్చిన చుక్కలోనే, సీబీనాట్ పరీక్షలో టీబీ తేలింది. సర్కారు మందులు ఉచితమే, ఆరు నెలలు వాడాలి. రెండో నెలలో గడ్డ మరింత ఉబ్బింది. “మందులు పన్జేస్తలేవు” అని మానేయబోయింది. చచ్చిన క్రిముల మీద కూడా ఒళ్లు అలా తిరగబడుతుందని నచ్చజెప్పి, మళ్లీ పరీక్ష చేసి, కోర్సు పూర్తి చేయించాం.

నన్ను నిద్రపోనివ్వని గడ్డ మాత్రం వేరే. అరవై దాటిన రైతు. దవడ కింద రాయిలా గట్టిగా, కదలకుండా ఉంది. ఆ రోజు ఓపీ కిక్కిరిసి ఉంది. యాంటీబయాటిక్ రాసి పంపేశాను. ఆయన రెండు నెలలకు వచ్చాడు.

“నొప్పి లేదు గద సారూ, గందుకే రాలే.”

అప్పుడు నోరు తెరిపించాను. జర్దా పెట్టుకునే చోట, చెంప లోపల పుండు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. నొప్పి లేని గట్టి గడ్డకే ఎక్కువ భయపడాలని, రెండు మూడు వారాలకు తగ్గకపోతే తప్పక రావాలని ఆయనకు చెప్పాల్సినవాణ్ని నేనే.

ఇప్పుడు ఓపీ ఎంత నిండినా, మెడ మీద గడ్డతో వచ్చినవాళ్లను ముందు నోరు తెరవమంటాను.