ఆ మాస్కులు పారేయకండి వదినగారూ!

వదినగారూ, అటక సర్దుతున్నట్టున్నారు! పొద్దుట్నుంచీ చప్పుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ పారేసే కుప్పలో ఉన్నవి మాస్కులేనా? అయ్యో, విప్పని పెట్టె కూడా ఉందే! ఆగండాగండి. కాస్త గోడ దగ్గరికి రండి, కుక్కరు కూతలు అయ్యేదాకా నాకూ తీరికే.

"కరోనా గొడవ వదిలి ఎన్నాళ్లయింది, ఇంకా ఎందుకివి? అయినా పెట్టుకున్నవాళ్లకి రాలేదా ఏమిటి? మా చెల్లెలు మూతికి మాస్కు తీయకుండా తిరిగింది, దానికే ముందొచ్చింది" అంటారా? ఈ వీధిలో ఎవర్నడిగినా ఈ మాటే అంటారు. గాలితో వచ్చే జబ్బుల్ని మాస్కు ఆపుతుందా అని నన్నడిగితే, చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు అంటాను. ఎంత తగ్గిస్తుందన్నది మాత్రం నాలుగు సంగతుల మీద ఉంటుంది: ఏ మాస్కు, ఎవరు పెట్టుకున్నారు, ఎక్కడ పెట్టుకున్నారు, ఎలా పెట్టుకున్నారు. మీ చెల్లెలుగారు బజారులో పెట్టుకున్నారు సరే, ఇంటికొచ్చి అందరితో కలిసి భోజనానికి కూచున్నప్పుడు తీసే ఉంటారు కదా! ఎంతోమందికి సొంత ఇంట్లోనే అంటుకుంది ఆ జబ్బు.

మొన్న మీరు చల్లమిరపకాయలు వేయించినప్పుడు మా హాల్లో మావారు ఒకటే దగ్గు. మూకుడు మీ వంటింట్లో ఉంది, ఘాటు మా ఇంటి నడిమధ్యకి వచ్చింది. గాలితో వచ్చే వైరస్సు దారి కూడా అదే. దగ్గు, తుమ్ము అక్కర్లేదు. ఊరికే మాట్లాడినా, పాట పాడినా, ఊపిరి వదిలినా నోట్లోంచి తుంపరలు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే నేలమీద పడిపోతాయి. కంటికి ఆననంత సన్నవి మాత్రం గాలాడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ అనే చోట ఒక బృందగాన సంఘం ఉంది. 2020 మార్చి 10న 61 మంది ఒక హాల్లో చేరి రెండున్నర గంటలపాటు పాటలు సాధన చేశారు. వాళ్లలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. తర్వాత చూస్తే, ఆ మనిషితో కలిపి 53 మందికి కరోనా తేలింది. అందులో కొన్ని పరీక్షలో నిర్ధారణ అయినవి, కొన్ని లక్షణాలని బట్టి లెక్కకట్టినవి. ఇద్దరు చనిపోయారు. పాడటం తప్ప వాళ్లు చేసిన పాపం లేదు. అప్పటికింకా అక్కడ మాస్కులు పెట్టుకోమని మామూలు జనానికి ఎవరూ చెప్పలేదు.

"అదే నా కోపం. ముందు వద్దన్నారు, తర్వాత పెట్టుకోకపోతే జరిమానా అన్నారు. ఏది నమ్మాలి?" అని మీరడగటం న్యాయమే. ఆ గందరగోళం వల్లే జనానికి నమ్మకం పోయింది. మొదట్లో మాస్కులకి విపరీతమైన కరువు. ఉన్న కాసినీ డాక్టర్లకీ నర్సులకీ దక్కకుండా పోతాయని భయం. పైగా లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా జబ్బు అంటుతుందని అప్పటికి గట్టిగా తెలియదు. తెలిశాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో మాట మార్చి, జనం గుమిగూడే చోట అందరినీ మాస్కు పెట్టుకోమంది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, ఇది గాలిలో తేలుతూ కూడా వ్యాపిస్తుంది, ఆ సంగతి ఒప్పుకోండి అని బహిరంగంగా కోరారు. ఆ మాట పై సంస్థలు గట్టిగా చెప్పేసరికి 2021 వచ్చేసింది. ఈలోపు మనమంతా కూరగాయలు సబ్బుతో కడుగుతూ, కిటికీలు మూసుకుని కూచున్నాం. ఆలస్యంగా చెప్పారని కోపగించుకుందాం, తప్పులేదు. ఆ కోపంతో చెప్పిన మంచిమాట కూడా వదిలేస్తే నష్టం మనకే.

"వైరస్సు అంత చిన్నది కదా, గుడ్డలోంచి దూరిపోదూ?" అని మీ అబ్బాయి కూడా ఒకరోజు అడిగాడు. చిన్నదే. కరోనా వైరస్సు మైక్రానులో పదో వంతు ఉంటుంది. అయితే అది ఒంటరిగా ఎగిరిరాదు, తుంపర తడిలో ఉండి వస్తుంది. ఎన్95 మాస్కు 0.3 మైక్రాను కణాల్లో కనీసం 95 శాతాన్ని పట్టాలని లెక్క. ఆ సైజే ఎందుకంటే పట్టడానికి అన్నిటికన్నా కష్టమైనవి దాదాపు ఆ సైజు కణాలే. అంతకన్నా పెద్దవి తిన్నగా వచ్చి పోగులకి తగులుకుంటాయి. మరీ చిన్నవి గాలిలో అటూ ఇటూ వణుకుతూ తిరుగుతాయి కనుక అవీ ఏదో ఒక పోగుకి అతుక్కుంటాయి. పైగా ఆ పోగులకి స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంటుంది, అది కణాల్ని దగ్గరికి లాక్కుంటుంది. పోగులకి అలా విద్యుత్తు ఎక్కించే పద్ధతిని టెనెస్సీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ సాయ్ అనే తైవాన్ ఆయన అభివృద్ధి చేశారు. అందుకే ఎన్95ని సబ్బునీళ్లలో ఉతకకూడదు వదినా. ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది, చూడటానికి మాస్కులాగే ఉంటుంది గాని పనితనం పడిపోతుంది.

ఈ మాస్కు సంగతి ఇవాళ్టిది కూడా కాదు. 1910 చలికాలంలో చైనా ఉత్తరాన మంచూరియాలో ప్లేగు చెలరేగింది. ఎలకల ఒంటి మీది చిన్న పురుగుల వల్ల వస్తుందని అందరూ నమ్మే రోజులవి. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదువుకున్న వూ లియెన్-తే అనే కుర్ర డాక్టరు హార్బిన్ వెళ్లి చూసి, ఇది ఊపిరితిత్తుల ప్లేగు, మనిషి ఊపిరి నుంచి మనిషికి అంటుతోంది అన్నాడు. పల్చని గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి మాస్కులు కుట్టించి, వైద్యులూ సిబ్బందీ అందరూ కట్టుకోవాలన్నాడు. జెరాల్డ్ మెనీ అనే పేరున్న ఫ్రెంచి డాక్టరు ఆ మాట కొట్టిపారేసి, మాస్కు లేకుండానే రోగుల్ని పరీక్షించాడు. కొద్ది రోజుల్లోనే ఆయన్నీ ప్లేగు తీసుకుపోయింది. ఆ తర్వాత మాస్కు కట్టుకోని వాళ్లు అక్కడ అరుదు. దాదాపు 60 వేలమందిని మింగిన ఆ ప్లేగు 1911 వసంతానికల్లా అణిగింది. రోగుల్ని వేరుగా ఉంచడం, రాకపోకలు ఆపడం కూడా అందులో ఉన్నాయి, ఒక్క మాస్కుదే ఘనత అనను. అది వైరస్సు కాదు, బాక్టీరియా. అయినా ఊపిరి దారి ఒకటే కదా.

"మాస్కుల వల్ల లాభం లేదని పెద్ద పరిశోధనే తేల్చిందట, ఫోనులో వచ్చింది" అంటున్నారా? ఆ పరిశోధనలు రెండు మూడు నేనూ శ్రద్ధగా చదివాను. డెన్మార్కులో 2020లో ఆరువేల మందిదాకా తీసుకుని, సగంమందికి మాస్కులిచ్చి బయటికెళ్లినప్పుడు పెట్టుకోమన్నారు. ఇచ్చినవాళ్లలో 1.8 శాతానికీ, ఇవ్వనివాళ్లలో 2.1 శాతానికీ జబ్బు వచ్చింది. తేడా ఇంత సన్నగా ఉంటే మాస్కు వల్లే అని చెప్పలేం, అసలు లాభం లేదనీ చెప్పలేం. మాస్కు ఇచ్చినవాళ్లలో చెప్పినట్టు పూర్తిగా పెట్టుకున్నది సగంమంది కూడా లేరు. పైగా చుట్టూ ఉన్న జనం ఎవరూ పెట్టుకోని రోజులవి. పెట్టుకున్న మనిషి నుంచి ఎదుటివాళ్లకి ఎంత రక్షణ అన్నది అందులో కొలవనేలేదు.

మన పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఇంకా పెద్దది చేశారు. 600 గ్రామాలు, 3 లక్షల 40 వేల పైచిలుకు పెద్దవాళ్లు. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, మసీదుల దగ్గరా సంతల్లోనూ పెట్టుకోమని చెప్పి, పెట్టుకోనివాళ్లకి గుర్తు చేస్తూ వచ్చారు. మాస్కు సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో, లక్షణాలుండి రక్తపరీక్షలో తేలిన కరోనా 11 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలో 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులు పంచిన చోట మాత్రం అంత స్పష్టమైన ఫలితం కనపడలేదు. ఊరిలో సగంమంది కూడా పెట్టుకోకుండానే ఇంత తేడా వచ్చిందంటే, అందరూ పెట్టుకుంటే ఎలా ఉండేదో మీరే ఆలోచించండి. ఆ అరవై దాటినవాళ్ల అంకె చదివినప్పుడు నాకు మీ మామగారే కళ్లముందు మెదిలారు.

ఇక మీ ఫోనులో వచ్చింది వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023 జనవరిలో ఇచ్చిన సమీక్ష అయుంటుంది. దాన్ని చూపించి మాస్కులు పనిచెయ్యవని లోకమంతా చాటారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్ వైజర్ స్వయంగా ముందుకొచ్చి, అలా చెప్పడం తప్పు, ఉన్న పరిశోధనలతో ఎటూ తేల్చలేమన్నదే మా సమీక్ష అన్నారు. ఆ రెండో మాట మాత్రం ఏ గ్రూపులోనూ తిరగలేదు!

నాకు అన్నిటికన్నా మనసుకి పట్టింది దక్షిణాఫ్రికా సంగతి. మందులకి లొంగని క్షయ ఉన్న రోగుల వార్డులోంచి గాలిని గొట్టాలతో రెండు గదుల్లోకి పంపారు. ఒక్కో గదిలో 90 గినీ పందులు. రోగులు ఒకరోజు మాస్కు పెట్టుకుంటారు, మర్నాడు పెట్టుకోరు. పెట్టుకున్న రోజు గాలి ఒక గదికి, పెట్టుకోని రోజు గాలి రెండో గదికి. చివరికి లెక్క చూస్తే మాస్కు లేని రోజుల గాలి పీల్చిన వాటిలో 69కి, ఉన్న రోజుల గాలి పీల్చిన వాటిలో 36కి క్షయ సోకింది. అవి మామూలు సర్జికల్ మాస్కులే! ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. దగ్గే మనిషి మాస్కు పెట్టుకుంటే పక్కవాళ్లకి ఎంత మేలో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

గుడ్డ మాస్కులని నేను చిన్నచూపు చూడను. 2020 ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నప్పుడు, వాటిని కుట్టడానికి రాత్రింబవళ్లు మిషన్ల ముందు కూచున్నది మన డ్వాక్రా మహిళలే. అసలేమీ దొరకని రోజుల్లో అవే ఆసరా అయ్యాయి, ఆ చేతులకి దణ్ణం పెట్టాలి. ఇవాళ మందుల షాపులో సర్జికల్ మాస్కు కొద్ది రూపాయలకే దొరుకుతోంది, మంచి ఎన్95 కూడా దొరుకుతోంది. ఉన్నంతలో మంచిది వాడుకోవాలి.

వాడేది కూడా పద్ధతిగా వాడాలి. ముక్కు బయటపెట్టి నోటికి మాత్రం కట్టుకుంటే ఊపిరి పీల్చే దారి తెరిచి ఉంచినట్టే. ముక్కు మీది సన్నటి తీగని వేళ్లతో నొక్కి ముక్కుకి అమిరేలా వంచాలి. కళ్లజోడు మీద ఆవిరి పడుతోందంటే పైనుంచి గాలి పోతోందని అర్థం. నిండు గడ్డమున్నవాళ్లకి ఎన్95 చర్మానికి ఆనదు. ముందు చిన్న ప్లాస్టిక్ మూత, అదే వాల్వు, ఉన్నవి వద్దు. వాటిలోంచి మనం వదిలే ఊపిరి వడకట్టకుండా బయటికి పోతుంది. జనం అవి వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలోనే రాష్ట్రాలకి రాసింది. అయిదేళ్లలోపు పిల్లలకి మాస్కు అక్కర్లేదు.

ఇరవైనాలుగు గంటలూ కట్టుకు తిరగమని నేననను. మేడమీద బట్టలారేసుకుంటూ, పార్కులో నడుస్తూ ఎందుకు? ఆస్పత్రి ఓపీలో, తలుపులు బిగించిన ఏసీ బస్సులో, లిఫ్టులో, రోగిని చూడటానికి వెళ్లినప్పుడు కావాలి. ఫ్లూ సీజన్లో ముసలివాళ్లున్న ఇంట్లో ఎవరు దగ్గినా కావాలి. దానితోపాటు కిటికీలు తెరవాలి, టీకాలు వేయించుకోవాలి. ఏ ఒక్కటీ ఒంటరిగా అంతా చెయ్యలేదు.

ఎల్లుండి మీ మామగారిని చెకప్‌కి తీసుకెళ్తున్నారు కదా. ఆయనకి షుగరూ ఉంది, ఆయాసమూ ఉంది. ఓపీలో రెండు మూడు గంటలు దగ్గేవాళ్ల మధ్యే కూచోవాలి. ఆయనకి అమిరితే ఎన్95 పెట్టండి, ఊపిరాడటం కష్టంగా ఉందంటే సర్జికల్ మాస్కయినా పెట్టండి. మీరూ పెట్టుకోండి. ఇక మీ అమ్మాయి జలుబుతో వస్తోందన్నారు కదా, తనకి నా మాటగా చెప్పండి: తాతగారి గదిలోకి మాస్కు లేకుండా వెళ్లొద్దని, తగ్గేదాకా ఆయన పక్కన కూచుని భోంచెయ్యొద్దని. దగ్గే మనిషి ముందుగా తన నోరూ ముక్కూ మూసుకోవడం ఎదుటి మనిషికి చేసే మర్యాద, మన ఇంటి పెద్దవాళ్లకి చేసే సేవ. ఈ మర్యాద మన ఇళ్లనుంచే మొదలుపెడదాం వదినా.