అంటు

ఈసారి నేను ఎంచుకున్న మాట "అంటు". ఈ మాట సరిగ్గా తెలియక ఒకసారి మా తాత మనసు నొప్పించాను. అందుకే దీని గురించి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో, రివర్‌సైడ్‌లో. చిన్నప్పుడు నాకు తెలిసింది సింకులో ఉండే అంట్లు మాత్రమే. "అంట్లు తోమవే" అని అమ్మ రోజూ అనేది. పెద్దయ్యాక సొంతంగా తెలుగు చదవడం మొదలుపెట్టి "అంటువ్యాధి" నేర్చుకున్నాను. అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. సరే, అంటు అంటే మురికి లేదా జబ్బు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. దానికి మూడో అర్థం ఉందని నాకు తెలియదు.

మా నాన్నది అనంతపురం జిల్లా, నార్పల దగ్గర ఒక పల్లె. అక్కడ తాతకు చీనీ తోట ఉండేది. వేరే జిల్లాలవాళ్ళు బత్తాయి అంటారు, మా వైపు చీనీ అంటారు. కాలేజీ రెండో ఏడాది సెలవుల్లో నేను ఒక్కదాన్నే అక్కడికి వెళ్ళాను. అప్పటికి ఒక ల్యాబ్‌లో చిన్న పని చేస్తున్నాను. నిమ్మజాతి చెట్ల ఆకులను పొడి చేసి, అందులో వైరస్ ఉందో లేదో పరీక్షించడానికి సిద్ధం చేయడం నా పని. కాబట్టి నాకు చాలా తెలుసు అనుకునేదాన్ని.

తిరిగి వచ్చే ముందు రోజు తాత నన్ను తోటలో ఒక పాత చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. చేతిలో చిన్న కత్తి ఉంది.

"మీ నాయనకు ఈ చెట్టు కాయలంటే ప్రాణం. ఒక కొమ్మ ఇస్తా, తీస్కపో పాపా. తడిగుడ్డలో చుట్టిస్తా."

"వద్దు తాతా. అంటు వస్తుంది."

తాత ముఖం వెలిగిపోయింది. "వస్తాది పాపా, బాగా వస్తాది. నేను కట్టిన అంటు ఒక్కటీ పోలేదు."

"కాదు తాతా! అక్కడ అన్ని చెట్లకూ అంటు!"

"అన్నిటికీ కట్టుకోండి. ఎవరు వద్దన్నారు?"

నాకు ఏడుపొచ్చింది. ఇంకో మాట తెలియదు. తెలిసిన మాటలే వాడాను. "మీ చెట్టుకు జబ్బు తాతా. మురికి."

తాత నవ్వు ఆగిపోయింది. చెట్టు వైపు చూశాడు. చెట్టు నిండా కాయలున్నాయి. "ఇరవై ఏండ్లుగా కాస్తాండాది. దీనికి జబ్బా?" అన్నాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో ఇంకేమీ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక నాన్నను ఫోన్‌లో అడిగితే మూడో అర్థం చెప్పాడు. ఒక చెట్టు కన్నును ఇంకో మొక్క మీద అతికించి పెంచడాన్ని కూడా అంటు అంటారట. కన్ను అంటే మొగ్గ. కింద ఉన్న మొక్క వేరు ఇస్తుంది, పైన కట్టిన కన్ను పండు ఇస్తుంది. తాత చీనీ చెట్లన్నీ జంబేరి వేరు మీద కట్టినవే. మేమిద్దరం ఒకే మాట పలికాం. ఆయన చెట్టు పెంచడం గురించి చెప్పాడు, నేను చెట్టు చావు గురించి చెప్పాను.

మరుసటి సంవత్సరం తాత పోయాడు. తర్వాత బోరు ఎండిపోయింది. తోట కొట్టేశారు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను భయపడిన వైరస్ పేరు ట్రిస్టెజా. పోర్చుగీసు భాషలో ఆ మాటకు దిగులు అని అర్థం. బ్రెజిల్ రైతులు తమ తోటలు ఎండిపోతుంటే చూసి పెట్టిన పేరు అది. ఇది రెండు దారుల్లో వ్యాపిస్తుంది. ఒకటి పేనుబంక, అంటే ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. రెండోది అంటు కట్టడం. జబ్బున్న చెట్టు నుంచి కన్ను తెచ్చి కడితే వైరస్ కూడా దానితోనే వస్తుంది. అంటుతో అంటువ్యాధి! తెలుగులో ఇంత సులువుగా చెప్పగలిగే విషయాన్ని నేను చెప్పలేకపోయాను.

ఇందులో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. తీపి నారింజ చెట్టు తన సొంత వేరు మీద ఉంటే, చాలా రకాల ట్రిస్టెజాతో మామూలుగానే బతుకుతుంది. పుల్ల నారింజ చెట్టు వైరస్‌ను తనలో పెద్దగా పాకనివ్వదు. విడివిడిగా రెండూ బాగానే ఉంటాయి. కానీ పుల్ల నారింజ వేరు మీద తీపి నారింజ కడితే, వైరస్ వచ్చాక చెట్టు చచ్చిపోవచ్చు. దెబ్బ తగిలేది అతుకు దగ్గర. ఆకులు తయారుచేసిన ఆహారాన్ని కిందికి మోసే కణాలు అక్కడ చచ్చిపోతాయి. వేళ్ళు ఆకలితో మాడిపోతాయి. 1930ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియాలో కూడా తోటలు ఇలాగే ఎండిపోవడం మొదలైంది.

మరి చెట్టు లోపల ఏం జరుగుతుంది? వైరస్ అంటే ఒక పొడవాటి సందేశం అనుకోండి. ట్రిస్టెజా సందేశంలో దాదాపు 19,300 అక్షరాలున్నాయి. మొక్కల వైరస్‌లలో ఇది చాలా పెద్దది. అది తన నకలు తీసుకునేటప్పుడు రెండు పోగులుగా మారుతుంది. మొక్కల ఆర్‌ఎన్‌ఏలో అంత పొడవైన జంట పోగు మామూలుగా కనిపించదు. అందుకని చెట్టు దాన్ని గుర్తుపడుతుంది. డైసర్ అనే ప్రోటీన్ కత్తెరలా దాన్ని 21, 22 అక్షరాల ముక్కలుగా కత్తిరిస్తుంది. ఇంకో ప్రోటీన్ ఆ ముక్కను నమూనాగా పట్టుకుని, దానితో సరిపోయే సందేశం ఎక్కడున్నా వెతికి పాడుచేస్తుంది. వైరస్ కూడా ఊరుకోదు. ఈ పనిని అడ్డుకోవడానికి దాని దగ్గర మూడు ప్రోటీన్లున్నాయి.

పుల్ల నారింజలో ఈ కత్తెర పనికి అవసరమైన జన్యువులను పరిశోధకులు తగ్గించి చూశారు. అప్పుడు వైరస్ ఇంకా ఎక్కువగా పాకింది. అంటే ఆ చెట్టు నిజంగానే పోరాడుతోంది.

ఇంకో ప్రయోగం 2007లో స్పెయిన్ వాళ్ళు ప్రచురించారు. అది మెక్సికన్ నిమ్మ మీద చేసింది. మనం ఇంట్లో పచ్చడి పెట్టుకునే నిమ్మది కూడా అదే జాతి. ట్రిస్టెజా వస్తే నిమ్మ ఆకుల ఈనెలు తెల్లబడతాయి, కాండం మీద గుంటలు పడతాయి. వాళ్ళు కొన్ని మొక్కలకు తీవ్రమైన ట్రిస్టెజాను, కొన్నిటికి మెత్తని రకాన్ని ఎక్కించారు. తీవ్రమైన రకం వచ్చిన మొక్కల్లో మూడు వందలకు పైగా జన్యువుల పని మారింది. కొన్ని పెరిగాయి, కొన్ని తగ్గాయి. మెత్తని రకం వచ్చిన మొక్కల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. వైరస్ లోపల ఉంది. చెట్టు తన పని తాను చేసుకుపోతోంది.

తాతకు చెప్పాల్సింది ఇదే. చెట్టులో వైరస్ ఉండటం చెట్టుకు అవమానం కాదు. "మీ చెట్టు మురికి" అనకూడదు. "మీ చెట్టు ఓర్చుకునే రకం తాతా. లోపల వైరస్ ఉన్నా ఇరవై ఏళ్ళు కాయగలదు. చూస్తే తెలియదు. కానీ ఇంకో ఊళ్ళో, ఇంకో వేరు మీద ఉన్న చెట్టు అదే వైరస్‌కు చచ్చిపోవచ్చు" అనాలి. రైతుకు ఇది అర్థం కాకుండా ఉంటుందా? వేరు మంచిదో కాదో చూసి అంటు కట్టే మనిషికి?

ఇంకోటి కూడా చెప్పాలి. కొమ్మను తేవడానికి సరైన దారి ఉంది. అనుమతి తీసుకుని ప్రభుత్వ పరీక్షలకు ఇవ్వాలి. అక్కడ కొమ్మ లేత చిగురు కొసను సూక్ష్మదర్శిని కింద కోస్తారు. ఆ ముక్క 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. సాధారణంగా వైరస్ ఆ కొస దాకా చేరదు. ఆ ముక్కను గాజు గొట్టంలో పెంచిన చిన్న మొక్కకు అంటు కడతారు. వైరస్ లేని కొత్త చెట్టు వస్తుంది. అంటుతో వచ్చే జబ్బు అంటుతోనే పోతుంది. ఆ రోజు ఈ దారి గురించి నేను వినే ఉన్నాను. చెప్పడానికి మాటలు లేక "వద్దు" అని ఊరుకున్నాను.

పోయిన ఆదివారం ఇదంతా అవ్వకు ఫోన్‌లో చదివి వినిపించాను. తప్పులు దిద్దుతుందేమో అనుకున్నాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది, "అన్నిటికీ కట్టుకోండి" అన్నచోట. చాలాసేపు నవ్వింది. తర్వాత చివరిదాకా వింది.

"ఇది ఆ పొద్దే చెప్పింటే మీ తాత నవ్వేవాడు కదా పాపా" అంది. "అనుమతికి ఏం కాగితాలు కావాలో రాపిచ్చుకుని, తిరిగేవాడు."

నా నోటుపుస్తకంలో "అంటు" పక్కన ఇప్పుడు మూడు అర్థాలున్నాయి. తాత చెప్పినదాన్ని మొదట రాసుకున్నాను.