రిసెప్షన్‌లో గీతాంజలి

నిన్న రాత్రి హిమాయత్‌నగర్‌లో ఒక రిసెప్షన్. అక్షింతలు వేసి, ఫొటో దిగి ప్లేటు పట్టుకున్నానో లేదో, ఆర్కెస్ట్రా వాళ్లు ‘గీతాంజలి’ పాట ఎత్తుకున్నారు.

1989. అదే ఏడాది ‘శివ’ కూడా. రెండింటికీ హీరో నాగార్జునే, సంగీతం ఇళయరాజాదే. ఒకదాంట్లో సైకిల్ చైను, ఇంకోదాంట్లో ఊటీ మంచు. కాలేజీ కుర్రాళ్లకి ఇంకేం కావాలి!

కొత్త క్యాసెట్ కొనే స్తోమత లేక, కాగితం మీద పాటల లిస్టు రాసుకుని అబిడ్స్ వైపు రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్ అంటే పక్కకి 30. చివరి పాట రెండో చరణంలో టప్పున ఆగిపోయేది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా, అక్కడికి రాగానే నా చెవి ఆగిపోవడానికి సిద్ధపడుతుంది.

నిన్నటి కుర్రాడు ఫోన్ చూసుకుంటూ పాడినా శ్రుతి తప్పలేదు. బాలుగారితో పోల్చడం న్యాయం కాదు. నా గొడవల్లా కీబోర్డుతోనే. ఇళయరాజా పాటకి సగం ప్రాణం చరణాల మధ్య వచ్చే ఆ వయొలిన్లలో ఉంటుంది. కీబోర్డు వాయించినాయన వాటిని రెండు ముక్కల్లో తేల్చేశాడు. మా బావ ఊరుకోలేదు, చేతిలో ప్లేటుతోనే మిగతా బిట్టంతా నోటితో వాయించేశాడు. పక్కనున్నాయన తాళం వేశాడు. ఎవరో తెలీదు, మా ఈడువాడే. వేటూరి మాటలు ముగ్గురికీ కంఠతా వచ్చు.

తర్వాత డీజే మొదలు. పిల్లలు స్టేజీ ముందుకి, మేం ఖుబానీ కా మీఠా దగ్గరికి. బావ అప్పటికే ‘శివ’ గొప్పదా ‘గీతాంజలి’ గొప్పదా అని ఆ పెద్దమనిషితో వాదనకి దిగాడు.