నిన్న లేని అయోమయం

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక కేర్ హోమ్‌లో కేరర్‌గా పనిచేస్తున్నాను. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, నడిపించడం మా పని. పైకి కనిపించని పని ఇంకొకటుంది. ఆ మనిషి నిన్న ఎలా ఉన్నారో ఇవాళ్టికి గుర్తుపెట్టుకోవడం.

మా హోమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. రోజూ టీ తాగుతూ పేపర్లో గళ్లనుడికట్టు పూర్తిచేస్తారు. ఒక ఉదయం పెన్సిల్ ముట్టలేదు. పిలిస్తే కళ్లు తెరిచి, మాట పూర్తికాకుండానే మగతలోకి జారిపోతున్నారు. వయసు మీదపడిందిలే అని ఊరుకోకుండా మా నర్సు చార్టులు తిరగేసింది. నీళ్లు సరిగా తాగడం లేదు, విరేచనం కాలేదు, మూత్రం ఆపుకోలేకపోతున్నారని కొత్త మాత్ర ఒకటి మొదలైంది. డాక్టరు ఆ మాత్ర ఆపించారు. మనిషి మెల్లగా తేరుకున్నారు.

ఇది డెలీరియం. మతిమరుపు జబ్బు డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వచ్చిపడుతుంది. తరచూ పొద్దున కాస్త నయంగా ఉండి రాత్రికి ఎక్కువవుతుంది. కొందరు కేకలు వేస్తారు, లేనివాళ్లు కనిపిస్తున్నారంటారు. కొందరు టీచరమ్మలా నోరెత్తకుండా పడుకుంటారు. వాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కనుక వాళ్ల జబ్బే ఎవరి కంటా పడకుండా పోతుంది.

దీన్ని కొంతవరకు రాకుండా ఆపవచ్చు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆస్పత్రులతో పాటు కేర్ హోమ్‌లనూ చేర్చారు. వాటిలో చెప్పినవన్నీ చేతిలో పనులే. నీళ్లు తాగించాలి, మలబద్ధకం రానివ్వకూడదు. నొప్పి ఉందేమో కనిపెట్టాలి, నోరు తెరిచి చెప్పలేనివాళ్ల విషయంలో మరీనూ. కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టాలి. కట్టుడుపళ్లు సరిగా కుదిరాయో లేదో చూడాలి. గడియారం, క్యాలెండర్ కంటికి ఆనేచోట ఉంచాలి. రాత్రి నిద్ర చెడగొట్టకూడదు. అవసరం లేకుండా మూత్రనాళంలో గొట్టం వేయకూడదు. మందులన్నీ మళ్లీ సరిచూడాలి. గదులు మార్చకూడదు, చూసుకునే మనుషులనూ మార్చకూడదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ షారన్ ఇనోయే బృందం ఇలాంటి శ్రద్ధనే ఆస్పత్రిలో 852 మంది వృద్ధులపై పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించింది. మామూలు వైద్యం అందినవారిలో 15 శాతానికి డెలీరియం వస్తే, ఈ శ్రద్ధ అందినవారిలో 9.9 శాతానికే వచ్చింది. కేర్ హోమ్‌ల మీద మాత్రం పరిశోధన చాలా తక్కువ. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో వెతికితే దొరికినవి మూడే అధ్యయనాలు. వాటిలో మేలు చేసే అవకాశం బాగా కనిపించింది ఒక్కటే: హాని చేయగల మందులను కంప్యూటర్ పట్టిచ్చి, ఫార్మసిస్టు సరిచూసే పద్ధతి.

నా అనుభవం ఒక్కటే చెబుతోంది. రోజూ చూసే మనిషే తేడాను ముందు పట్టుకోగలరు. షిఫ్టుకో కొత్త ముఖం వచ్చేచోట టీచరమ్మ పెన్సిల్ ముట్టకపోవడం ఎవరికీ వింతగా తోచదు. అందుకే కేర్ హోమ్‌లో సరిపడా, స్థిరంగా ఉండే సిబ్బంది కూడా వైద్యంలో భాగమే.

అమ్మానాన్నలను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వృద్ధాశ్రమంలో ఉంచి విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మనవి. వీడియోకాల్‌లో మీరూ ఆ రోజూ చూసే మనిషే. నాన్నగారు నిన్న లేనంత అయోమయంగా, లేదా నిన్న లేనంత మౌనంగా ఉంటే అది వయసని సరిపెట్టుకోకండి. నీళ్లు తాగారా, విరేచనం అయిందా, నొప్పి, జ్వరం ఉన్నాయా, కొత్త మందు ఏదైనా మొదలైందా అని అడగండి. నిద్రకనీ దురదకనీ ఇచ్చే పాతరకం అలర్జీ మాత్రలు కూడా డెలీరియం తెప్పించగలవు. ఏ మందూ మీ అంతట మీరు మాన్పించకండి, అదే రోజు డాక్టరుకు చూపించమని పట్టుబట్టండి.